పలచబడిన జడ, పప్పు లేని కంచం



బరువు తగ్గాలని గట్టిగా అనుకుని, నోరు కట్టుకుని, పొద్దున్నే లేచి నడిచి, ఏడెనిమిది కిలోలు తగ్గుతారు. పాత జాకెట్లు మళ్ళీ పడుతున్నాయని సంతోషపడతారు. సరిగ్గా అప్పుడే దువ్వెన నిండా జుట్టు రావడం మొదలవుతుంది. తలస్నానం చేస్తే బాత్‌రూము జాలీకి ముద్దలా అడ్డం పడుతుంది. పొద్దున్న లేచేసరికి దిండు మీద వెంట్రుకలు. చేతికి నిండుగా వచ్చే జడ సన్నబడిపోతుంది. ఆడవాళ్ళు దీన్ని పైకి చెప్పుకుంటారు. మగవాళ్ళలోనూ జరుగుతుంది కానీ వాళ్ళు చెప్పుకోరు. ఈ భయంతో కొందరు బరువు తగ్గే ప్రయత్నమే మానేస్తారు. ఇంకొందరు నూనెలకీ, మాత్రలకీ వేలకు వేలు పోస్తారు. ఈ రెండూ అవసరం లేదు. అసలు చూసుకోవలసింది కంచంలో ఉంది.

ముందు, జుట్టు ఎందుకు రాలుతుందో చెప్తాను. మన తలమీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. ఏ రోజు చూసినా వాటిలో నూటికి 85 నుంచి 90 పెరుగుతూనే ఉంటాయి. ఒక్కో వెంట్రుక రెండేళ్ళ నుంచి ఆరేళ్ళ దాకా అలా పెరిగి, తర్వాత పెరగడం ఆపేసి విశ్రాంతిలోకి వెళుతుంది. ఆ విశ్రాంతి మూడు నెలలు. అది అయ్యాక ఊడిపోతుంది, అదే కుదురులోంచి కొత్త వెంట్రుక పైకి వస్తుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషికి కూడా రోజుకి 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం మామూలే.

ఒంటికి తిండి హఠాత్తుగా తగ్గిపోతే ఈ లెక్క మారిపోతుంది. రాబడి సగానికి పడిపోయిన ఇంట్లో ఇల్లాలు ముందు ఏం చేస్తుంది? బియ్యం, అద్దె, పిల్లల ఫీజు ఆపదు. పండక్కి కొనే చీర ఆపేస్తుంది. శరీరమూ అంతే. గుండె, మెదడు, కాలేయం ఆగడానికి వీల్లేదు. జుట్టు పెరగకపోయినా ప్రాణానికి ప్రమాదం లేదు కనక ముందు అక్కడ కోత పెడుతుంది. పెరుగుతున్న వెంట్రుకల్లో చాలా భాగం ఒక్కసారిగా విశ్రాంతిలోకి వెళ్ళిపోతాయి. కానీ ఆ రోజు మనకేమీ తెలియదు. మూడు నెలలు అవి తలమీదే ఉంటాయి. ఆ తర్వాత అన్నీ కలిసి రాలతాయి. అందుకే ఇవాళ దువ్వెనలోకి వచ్చిన జుట్టుకి కారణం నిన్న మార్చిన షాంపూలో దొరకదు. రెండు మూడు నెలల వెనక్కి వెళ్ళి, అప్పుడు ఏం తిన్నాం, ఏం మానేశాం అని చూసుకోవాలి. టైఫాయిడ్, డెంగీ లాంటి పెద్ద జ్వరాల తర్వాత, కాన్పు తర్వాత జుట్టు ఊడేదీ ఇలాగే. బాలింతలకి మూడో నెలలో జుట్టు ఊడుతుందని మన అమ్మమ్మలకి బాగా తెలుసు. ఈ రకం జుట్టు రాలడానికి వైద్యశాస్త్రంలో టెలోజెన్ ఎఫ్లూవియం అని పేరు. 1961లో ఆల్బర్ట్ క్లిగ్‌మన్ అనే అమెరికన్ చర్మవైద్యుడు దీన్ని వివరంగా రాశాడు.

ఆహార సలహా కోసం నా దగ్గరికి వచ్చే ఆడవాళ్ళలో కొందరు రాలిన జుట్టును పాలిథిన్ కవర్లో వేసుకుని తెస్తారు. అలా ఒకావిడ కవరు విప్పి, ఒక వెంట్రుక తీసి, దాని చివర చూపించి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "చూడండి మేడమ్, కుదుళ్ళతో సహా వచ్చేస్తోంది. ఇంక మళ్ళీ మొలవదు కదా?" వెంట్రుక చివర తెల్లగా, ఆవగింజలో నాలుగోవంతు కూడా లేని చిన్న బుడిపె ఉంది. శ్రోతలారా, మీరు కూడా రాలిన వెంట్రుకని వెలుతురులో పట్టుకుని చూడండి. ఆ తెల్ల బుడిపె కనిపిస్తే హడలిపోకండి. అది కుదురు కాదు. విశ్రాంతిలోకి వెళ్ళిన వెంట్రుక అడుగున గట్టిపడిన భాగం. అసలు కుదురు చర్మం లోపలే భద్రంగా ఉంటుంది, కొత్త వెంట్రుకని తయారుచేస్తూనే ఉంటుంది. ఆ మాట చెప్పాక ఆవిడ ముఖంలో కొంచెం తేట వచ్చింది. తర్వాత నేనడిగింది ఒకటే: "మూడు నెలల కిందట ఏం తినేవారమ్మా?"

"పొద్దున్న నిమ్మరసం, తేనె. మధ్యాహ్నం ఒక పుల్కా, కూర. రాత్రి జామకాయో, బొప్పాయి ముక్కలో. అన్నం పూర్తిగా మానేశానండీ."

"మరి పప్పు?"

"అన్నమే లేదు కదండీ, పప్పు ఎందులో కలుపుకుంటాను?"

నేను ఇవాళ మాట్లాడాలనుకున్నదంతా ఈ జవాబులోనే ఉంది. మన తెలుగువాళ్ళ భోజనంలో పప్పు విడిగా తినే పదార్థం కాదు. అన్నంలో కలుపుకునేది. పప్పుచారూ, సాంబారూ అంతే. చివర పెరుగు కూడా అన్నంలోకే. కాబట్టి "రాత్రి అన్నం మానేశాను" అని ఎవరైనా అంటే, వాళ్ళు తమకి తెలియకుండానే పప్పు, పెరుగు కూడా మానేశారని అర్థం. తగ్గించాలనుకున్నది పిండిపదార్థం. దాని వెంట మాంసకృత్తులు, అంటే ప్రోటీన్లు కూడా కంచం దాటి వెళ్ళిపోయాయి. వెంట్రుక అనేది దాదాపు పూర్తిగా కెరటిన్ అనే ప్రోటీన్. దాన్ని తయారుచేయడానికి సరుకే లేకపోతే తలకి ఎంత నూనె పెట్టినా ప్రయోజనం ఏముంటుంది?

ఎంత ప్రోటీన్ కావాలి అన్నదానికి మనకి దగ్గర్లోనే ప్రామాణికమైన జవాబుంది. హైదరాబాదు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం పెద్దవాళ్ళకి శరీర బరువులో కిలోకి రోజుకి 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి. అరవై కిలోల మనిషికి 50 గ్రాములు. బరువు తగ్గే రోజుల్లో శరీరం కండని కూడా కరిగించుకుంటుంది కనక ఇంకొంచెం ఎక్కువే, కిలోకి ఒక గ్రాము దాకా తీసుకోవడం మంచిది. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం డాక్టర్ని అడగకుండా పెంచకూడదు.

ఇప్పుడు ఆ జామకాయ, పుల్కాల రోజుని లెక్కవేసి చూడండి. ఒక పుల్కాలో మూడు గ్రాములు. కూరలో రెండో మూడో. పళ్ళలో దాదాపు ఏమీ లేదు. రోజంతా కలిపినా పది గ్రాములు దాటదు. ఆ లెక్క కాగితం మీద వేసి చూపిస్తే ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు.

ఆకలితో మాడిన ఒంటికి ఏమవుతుందో పరిశీలించి రాసిపెట్టినవాళ్ళున్నారు. రెండో ప్రపంచ యుద్ధం చివరి రోజుల్లో, 1944-45లో, అమెరికాలోని మినెసోటా విశ్వవిద్యాలయంలో యాన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది యువకులకి, వాళ్ళ ఇష్టంతోనే, 24 వారాలపాటు అరకొర తిండి పెట్టాడు. యూరప్‌లో కరువుపాలైన జనాన్ని తిరిగి ఎలా కోలుకునేట్టు చేయాలో తెలుసుకోవడం ఆయన ఉద్దేశం. వాళ్ళు రోజూ నడుస్తూ సగటున 1,570 కేలరీల దాకా తిన్నారు. బరువులో దాదాపు నాలుగోవంతు తగ్గారు. నీరసం, ఎప్పుడూ చలి, చిరాకు, పగలూ రాత్రీ తిండి ధ్యాస. వాటితోపాటు జుట్టు కూడా రాలింది. వాళ్ళు తిన్నదానిలో సగం తిని బతకమని చెప్పే డైట్లు ఇవాళ ఫోన్లలో తిరుగుతున్నాయి. వాటిని చూసి పాటించే పిల్లల్ని తలుచుకుంటే నాకు బాధగా ఉంటుంది.

కంచం సరిచేసుకోవడం కష్టం కాదు. అన్నం సగం తగ్గించండి, పప్పు తగ్గించకండి. ముద్దపప్పో, పాలకూర పప్పో గిన్నెలో వేసుకుని చెంచాతో తినండి. మొదట్లో కొత్తగా ఉంటుంది, వారంలో అలవాటవుతుంది. చిక్కటి పప్పు ఒక గిన్నెడు తింటే ఏడు గ్రాములు. రెండు కోడిగుడ్లకి పన్నెండు, పదమూడు. పచ్చసొన పారేయకండి. రెండు గ్లాసుల పాలు, లేదా అంతే పెరుగు తింటే మరో పన్నెండు. గుప్పెడు వేరుశనగ గుళ్ళకి ఏడు. సాయంత్రం బిస్కెట్ల బదులు నానబెట్టి ఉడికించిన శనగలో, అలసందలో, ఉలవలో గుగ్గిళ్ళు తింటే పది. ఇక్కడికే దాదాపు యాభై అయింది. మీరు తినే కొద్దిపాటి అన్నమో, జొన్నరొట్టో ఇంకో పది కలుపుతుంది. గుడ్డు తినని వాళ్ళకి పెసరట్టు ఉంది. పొట్టు పెసలతో, నూనె పొదుపుగా వేసి, లోపల ఉప్మా లేకుండా రెండు అట్లు తింటే గుడ్లతో సమానం. చేపలు, చికెన్ తినేవాళ్ళకి బెంగే లేదు, వేపుడు కాకుండా పులుసో కూరో చేసుకుంటే చాలు. ఇంత తిన్నా బరువు తగ్గుతారా అని అడుగుతారు. తగ్గుతారు. వారానికి అరకిలో, మహా అయితే కిలో. జుట్టుకి కూడా ఆ వేగమే మంచిది.

ఏకాదశికో, కార్తీక సోమవారానికో ఒక పూట ఉపవాసం ఉంటే జుట్టు ఊడిపోతుందని కాదు నేను చెప్పేది. వారాల తరబడి కడుపు మాడ్చుకోవడం గురించి చెప్తున్నాను.

పెళ్ళికూతుళ్ళకి, వాళ్ళ అమ్మలకి ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. మాఘమాసంలో ముహూర్తం పెట్టుకుని, కార్తీకంలో తిండి మానేసి గబగబా పది కిలోలు తగ్గితే, సరిగ్గా పెళ్ళినాటికి జుట్టు రాలడం జోరు మీద ఉంటుంది. పూలజడ కుట్టించాలనుకున్న తల మీద సవరం పెట్టాల్సి వస్తుంది. తగ్గాలనుకుంటే ఆర్నెల్లో, ఎనిమిది నెలలో ముందు నుంచీ నిదానంగా మొదలుపెట్టండి. వ్యవధి లేకపోతే ఉన్న ఒంటితో పెళ్ళిపీటల మీద కూర్చోండి, అందులో చిన్నతనం ఏమీ లేదు.

ప్రోటీన్ తర్వాత అంత ముఖ్యమైనది ఇనుము. 2019-21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో అధిక బరువు ఉన్నవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 36 మంది, తెలంగాణలో 30 మంది. అదే సర్వేలో రక్తహీనత ఉన్నవాళ్ళు ఆంధ్రలో నూటికి దాదాపు 59 మంది, తెలంగాణలో దాదాపు 58 మంది. అంటే మనిషి లావుగా ఉన్నా, లోపల రక్తం తక్కువ ఉండొచ్చు. అలాంటి మనిషి తిండి తగ్గిస్తే, అంతంతమాత్రంగా ఉన్న ఇనుము ఇంకా అడుగంటుతుంది. అందుకే బరువు తగ్గే ప్రయత్నం మొదలుపెట్టే ముందే హిమోగ్లోబిన్ చూపించుకోండి. వీలైతే ఫెరిటిన్ అనే పరీక్ష కూడా. ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో అది చెప్తుంది. హిమోగ్లోబిన్ బాగున్నా ఫెరిటిన్ తక్కువ ఉండొచ్చు. ఆకుకూర పప్పులో నిమ్మకాయ పిండుకుంటే, భోజనంలో ఉసిరికాయ నంజుకుంటే ఇనుము ఒంటికి బాగా పడుతుంది. భోజనం కాగానే టీ, కాఫీ తాగితే సరిగా పట్టదు. కనీసం గంట ఆగండి. రక్తం బాగా తక్కువైతే మాత్రం ఆకుకూరలతో సరిపోదు, డాక్టరు ఇచ్చిన ఇనుము మాత్రలు వాడి తీరాలి.

ఇక మందుల షాపుల్లో జుట్టు కోసం అమ్మే బయోటిన్ మాత్రల సంగతి. బయోటిన్ లోపం మామూలుగా తినేవాళ్ళలో చాలా అరుదు. లోపం లేనివాళ్ళకి ఆ మాత్ర వల్ల జుట్టు పెరుగుతుందనడానికి గట్టి ఆధారాలు లేవు. పైగా దానితో ఒక చిక్కుంది. ఎక్కువ మోతాదులో బయోటిన్ వాడుతుంటే కొన్ని రక్తపరీక్షల ఫలితాలు తప్పుగా వస్తాయి. థైరాయిడ్ పరీక్ష అందులో ఒకటి. గుండెపోటు వచ్చిందో లేదో తేల్చే ట్రోపోనిన్ పరీక్ష మరొకటి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లోనే దీని మీద హెచ్చరిక ఇచ్చింది. వాడుతున్నవాళ్ళు రక్తం ఇచ్చే ముందు ఆ సంగతి డాక్టరుకి తప్పకుండా చెప్పండి. విటమిన్ ఎ, సెలీనియం మాత్రలు మోతాదు మించితే వాటివల్లే జుట్టు ఊడుతుంది. అందుకని చూసిందల్లా కొని మింగకండి.

మందార, గుంటగలగరాకు నూనెలు రాసుకోవద్దని నేననను. తల మర్దనా చేసుకుంటే హాయిగా ఉంటుంది, వెంట్రుక మెరుస్తుంది, చిక్కు పడదు. కానీ లోపలి నుంచి వచ్చిన లోటుని పైన రాసేది పూడ్చలేదు. గుండు చేయించుకుంటే ఒత్తుగా వస్తుందన్న నమ్మకమూ అలాంటిదే. తిరుమల కొండమీద తలనీలాలు ఇవ్వడం మొక్కు, భక్తి. అది వేరు. కత్తి తీసేది చర్మం పైన ఉన్న వెంట్రుకనే, కుదురు దాకా అది వెళ్ళదు కనక కుదుళ్ళ సంఖ్య పెరగదు, తగ్గదు.

రాలుతుందన్న భయంతో చాలామంది తలస్నానం మానేస్తారు. పది రోజులకి ఒకసారి చేస్తే ఆ పది రోజుల్లో ఊడవలసినదంతా ఒక్కసారే చేతికొచ్చి మరీ భయపెడుతుంది. వారానికి రెండు సార్లు మామూలుగా చేయండి. తడి తల దువ్వకండి, పళ్ళు దూరంగా ఉన్న దువ్వెన వాడండి, జడ బిగించి వేయకండి. కొంత కత్తిరించుకుంటే తల బరువు లేకుండా, ఉన్న జుట్టే నిండుగా కనిపిస్తుంది.

ఈ మధ్య బరువు తగ్గించే ఇంజెక్షన్లు మన దేశంలోకి వచ్చాయి. 2025 మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ. ఇవి ఆకలిని బాగా చంపేస్తాయి. వెగోవీ పరీక్షల్లో మందు తీసుకున్నవాళ్ళలో నూటికి దాదాపు ముగ్గురు జుట్టు రాలుతోందని చెప్పారు, ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్నవాళ్ళలో ఒకరు. ఎక్కువ బరువు తగ్గినవాళ్ళలోనే ఇది ఎక్కువ. చాలామందికి మందు వాడుతుండగానే సర్దుకుంది. ఆకలి లేకపోయినా గుడ్డు, పప్పు, పెరుగు ముందు తిని, మిగతావి తర్వాత తినడం వీళ్ళకి చాలా అవసరం. కడుపుకి ఆపరేషన్ చేయించుకుని బరువు తగ్గేవాళ్ళు కూడా మూడో నాలుగో నెలలో జుట్టు రాలుతుందని ముందే తెలుసుకుని ఉండాలి. డాక్టరు రాసిన విటమిన్లు, ఇనుము ఎన్నటికీ మానకూడదు.

రాలే ప్రతి జుట్టూ తిండి వల్లే రాలదు. నేను చెప్పిన రకంలో తలంతా సమానంగా పలచబడుతుంది. అలాకాకుండా పాపిడి మాత్రమే రోజురోజుకీ వెడల్పవుతుంటే అది వంశపారంపర్యంగా వచ్చేది కావచ్చు. రూపాయి బిళ్ళంత మేర నున్నగా అయిపోతే పేనుకొరుకుడు. నెలసరి సరిగా రాకుండా, గడ్డం మీద వెంట్రుకలు మొలుస్తూ, తలమీద పలచబడుతుంటే పీసీఓడీ అనే అండాశయాల సమస్య కావచ్చు. వీటన్నిటికీ చర్మవైద్యులు మందులు ఇస్తారు. థైరాయిడ్ ఒకసారి చూపించుకోవడం మంచిది. ఆరు నెలలు దాటినా రాలడం ఆగకపోతే ఇంట్లో కూర్చోకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

తిండి సరిచేసుకున్నాక మర్నాటి నుంచే రాలడం ఆగదు. విశ్రాంతిలోకి వెళ్ళినవి ఎలాగూ రాలాలి. రెండు మూడు నెలలు, ఒక్కోసారి ఆరు నెలలు పడుతుంది. అప్పుడు నుదుటి దగ్గర, చెవుల పైన బొటనవేలి గోరంత వెంట్రుకలు నిక్కబొడుచుకుని కనిపిస్తాయి. ఎంత దువ్వినా అణగవు. అవే కొత్త జుట్టు. నెలకి ఒక సెంటీమీటరు పెరుగుతాయి. కనక మళ్ళీ తల నిండుగా కనిపించడానికి ఏడాది, జడ పాతంత కావడానికి ఇంకా ఎక్కువ కాలం పడుతుంది.

ఇళ్ళలో పెద్దవాళ్ళకి ఒక విన్నపం. జుట్టు రాలుతోందని అమ్మాయి బాధపడుతుంటే "ఆ డైట్లెందుకు, హాయిగా తిను" అని మళ్ళీ కంచం నిండా అన్నం వడ్డించకండి. షుగరు, బీపీ, మోకాళ్ళ నొప్పి రాకుండా ఆ పిల్ల చేస్తున్న ప్రయత్నం మంచిదే. అలాగని "ఏమీ తినకుండా ఎంత పట్టుదలగా ఉందో" అని మెచ్చుకోవద్దు కూడా. అన్నం తక్కువ వడ్డించండి, పప్పు గిన్నె ఆమె ముందు పెట్టండి. వచ్చే వారంలోగా దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి.